నాలుగు వేళ్ళు దిగిన కారు

ఆ గురువారం ప్రేమ్‌కుమార్ చెయ్యాల్సిన పనులు మూడే మూడు. ఏడున్నరకు కామారెడ్డిలో బయలుదేరడం, తొమ్మిదింటికల్లా ఎల్లారెడ్డిలో అత్తగారింటికి చేరడం, పదకొండులోపు భార్య పక్కన పీట మీద కూర్చోవడం. ఆ రోజు వినీతకు పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోస్తున్నారు, పసుపు బియ్యంతో ఆడబిడ్డ ఒడి నింపి దీవించే వేడుక. పెళ్ళయిన మూడో ఏట పొయ్యాల్సింది, అప్పుడేదో అడ్డం వచ్చి తప్పిపోయింది. ఇది ఐదో ఏడు. పదకొండు దాటితే మంచి గడియ లేదని, మర్నాటి నుంచి మూఢమని అయ్యగారు తేల్చి చెప్పాడు. మూఢం పోయేసరికి ఆరో ఏడు పడుతుంది. సరి ఏట పొయ్యరు. అంటే ఈ పదకొండు దాటితే వినీత ఏడో ఏడు దాకా ఆగాలి. ఇప్పటికే ఐదేళ్ళుగా పక్కిళ్ళవాళ్ళ ఒడిబియ్యం భోజనాలు తిని, బాగున్నాయని చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పి పుట్టింది.

మూడు పనులూ ఎవరైనా చెయ్యగలిగినవే. చిక్కల్లా ఒక్కటి, ప్రేమ్‌కుమార్‌కు ఈ మధ్య కార్ల గురించి తెలియడం మొదలైంది.

ఆయన ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. రెండేళ్ళ కింద పాత కారు కొన్నాడు. రెండు నెలల కింద ఫోనులో ఒక వీడియోలో ఎవరో వెనక చక్రాల కంట్రోల్ ఆర్మ్‌ల గురించి చెబుతుంటే విన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో మరో మాట లేదు. వంటింట్లోకి వచ్చి వినీత చెయ్యి పట్టుకుని మరీ పాఠం చెప్పేవాడు.

"జాతరల చిన్న పిల్లను చెయ్యి పట్టుకొని నడిపిస్తం గదా. అది ఎగిరినా దుంకినా ఏమనం, గని అటిటు ఉరకనియ్యం. చక్రం గా పిల్ల. కంట్రోల్ ఆర్మ్ మన చెయ్యి. చేతికి కీళ్ళున్నట్టు దానికి రెండు కొసలకు రబ్బరు బుష్‌లుంటయి. బుష్ పోయిందనుకో..."

"ముందుగల నా చెయ్యి ఇడ్సిపెట్టు. పాలు పొంగుతున్నయ్."

తెలుసుకున్నవాడు తెలుసుకుని ఊరుకుంటే ఏ గొడవా లేదు. పోయిన నెల ఒక ఆదివారం జాకీ పెట్టి కారు వెనక భాగాన్ని పైకి లేపాడు. చక్రాలు గాలిలో వేలాడుతుండగా కిందికి దూరి, ఆర్మ్‌ల నట్లన్నీ విప్పి, తుడిచి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించాడు. బయటికొచ్చి వినీత కొత్త తువ్వాలకు చేతులు తుడుచుకుంటూ, "ఇగ పదేండ్ల దాక చూడనక్కర లేదు" అన్నాడు. పది రోజులకు వెనక నుంచి చప్పుడు మొదలైంది.

చప్పుడైనా తిన్నగా వచ్చి ఏడ్చిందా అంటే అదీ లేదు. ఒక్కడే పోతే రాదు. వెనక సీట్లో మనుషులుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర టక్కుమంటుంది. బుష్‌లతో సహా కొత్త ఆర్మ్ ఒకటి తెప్పించి డిక్కీలో పెట్టుకున్నాడు గానీ, రోగం తేలకుండా మందు వెయ్యకూడదని ఆయన పట్టుదల.

మూడు రోజుల కింద అత్తగారు నాగవ్వను ఎల్లారెడ్డి నుంచి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకొచ్చింది ఈ కారులోనే. నాగవ్వ నలభై ఏళ్ళు బీడీలు చుట్టింది. చుట్టినంత సేపూ మాట్లాడింది. చేతులు ఈ మధ్య ఆగాయి గానీ నోరు ఆగలేదు. ఆ రోజు దారి పొడుగునా ఎవరి చాటలో ఆకు ఎవరు మార్చారో, ఏ సేటు ఎవరి కట్టలు వాపసు చేశాడో చెబుతూనే ఉంది. వెనక నుంచి చప్పుడు వస్తోందని ప్రేమ్‌కుమార్‌కు అనుమానమే గానీ, ఆ మాటల్లో సరిగ్గా వినపడి చావలేదు.

అందుకని ఆ గురువారం పొద్దున ఏడింటికి, ముగ్గురూ బయలుదేరబోయే ముందు, ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. రాకపోయినా ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు.

"అత్తమ్మా, జర ఐదు నిమిషాలు వెనక సీట్ల కూసోండ్రి. మాట్లాడకుండ."

మాట్లాడకుండా అన్న మాట నాగవ్వ జీవితంలో ఎవరూ అనలేదు. అల్లుడు కదా అని ఓర్చుకుని కూర్చుంది. ప్రేమ్‌కుమార్ వినీత కుట్టు మిషను మీది టేపు తెచ్చి, చక్రం మీది నుంచి కారు అంచుకు ఎంతుందో కొలిచాడు. "కొంచెం ఎగిరి కూసోండ్రి" అన్నాడు. ఆమె ఎగిరి కూర్చుంది. కారు టక్కుమంది. ఎదురింటి కళ్యాణి ముగ్గు వెయ్యడం ఆపి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది.

"మీ బరువెంతుంటది అత్తమ్మా?"

నాగవ్వ కొంగు నిండా కప్పుకుంది. ప్రేమ్‌కుమార్ మళ్ళీ కొలిచి, నెల రోజుల శ్రమ ఫలించిన ఆనందంలో ఇంట్లోకే కాదు, వీధి చివరిదాకా వినపడేటట్టు అరిచాడు.

"వినీతా! దొరికింది! మీ అవ్వ కూసుంటెనే సప్పుడొస్తంది! బండి నాలుగు వేళ్ళు దిగింది!"

నాగవ్వ కారు దిగింది. లోపలికి పోయి సంచీ తెచ్చుకుంది. చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటున్న వినీత బయటికి పరుగెత్తుకొచ్చేసరికి ఆమె వీధి మలుపులో ఆటో ఎక్కుతోంది.

"అవ్వా, ఆగే! ఏడికి పోతున్నవ్?"

"బస్సుకు పోత బిడ్డా. బస్సుల ఎవలూ టేపు పట్టి కొలువరు."

వినీత వెనక్కి తిరిగి మొగుణ్ణి చూసింది. ఆయన ముఖంలో తప్పు చేసిన జాడ కాస్తయినా ఉంటే ఆమెకు అంత మండేది కాదు.

"నేనేమన్న? బరువు అన్న. బరువు అనేది తిట్టా?" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"మా అవ్వను ఊరందరి ముంగట కొలిచినవ్!"

"అవ్వను ఎక్కడ కొలిచిన? బండిని కొలిచిన."

ఆమె ఏడుపు ఆపుకుంటూ మళ్ళీ చీర కట్టుకోవడానికి లోపలికి పోయింది. వాదనలో తానే గెలిచానని ప్రేమ్‌కుమార్‌కు నమ్మకం కలిగింది. కానీ దారిలో చప్పుడు వినాలంటే బరువు కావాలి, ఉన్న బరువేమో బస్సెక్కింది. ఇంట్లో యాభై కిలోల బియ్యం బస్తా ఒకటి, ఇరవై ఐదు కిలోలది ఒకటి ఉన్నాయి. రెండూ మోసుకొచ్చి వెనక సీట్లో అత్తగారు కూర్చున్న చోటే పెట్టి, పడిపోకుండా బెల్టు కూడా పెట్టాడు. వీధి చివర స్పీడ్ బ్రేకర్ దాకా పోయి వచ్చాడు. టక్కు! అదే చప్పుడు. పొల్లుపోకుండా అదే.

ఎనిమిదిన్నరకు బయటికి వచ్చిన వినీత వెనక సీటు చూసి నిలబడిపోయింది.

"ఇవేంది?"

"మీ అవ్వ బదులు. సరిగ్గ అంతే బరువు."

"దింపు. ఒడిబియ్యానికి పోతూ బియ్యం పట్కపోతరా ఎవలన్న? మా బాపు ఇంట్ల గింజలు లెవ్వని ఊరికి చాటించినట్టుంటది."

"దింపితే ఇంకో పావుగంట ఆలస్యం. నీ ఇష్టం."

వినీత గడియారం చూసింది, బస్తాలను చూసింది. చివరికి ముందు సీట్లో కూర్చుని తలుపు గట్టిగా వేసింది. "ఇంటికి దూరంగ ఆపు. ఎవల కంట్ల పడొద్దు."

తాడ్వాయి దాటేదాకా ప్రేమ్‌కుమార్ చప్పుళ్ళు లెక్కపెడుతూ నడిపాడు. వినీత ఫోను మోగడం మొదలైంది. బస్సులో కూర్చున్న నాగవ్వ ఊరికే కూర్చోలేదు. మొదట లింగంపేటలో ఉండే చిన్నమ్మ.

"ఏమే, మీ ఆయన మీ అవ్వను కాంట మీద నిలవెట్టిండట?"

"కాంట లేదు ఏం లేదు చిన్నమ్మా, టేపు."

"టేపా! అంగి కుట్టిస్తున్నడా ఏంది?"

ఆమెకు సర్దిచెప్పి పెట్టేసరికి మేనత్త మంగవ్వ ఎల్లారెడ్డి నుంచి. నాగవ్వను మధ్య దారిలో దించేశారని ఆమె దాకా చేరిన కబురు. ఆ తర్వాత తమ్ముడు సుందర్. ఎదురింటి కళ్యాణి నాగవ్వకు ఫోను చేసిందట, నాగవ్వ ఇంటికి చేసిందట.

"అక్కా, నిజం చెప్పు. అవ్వ కూసునే జాగల బియ్యం బస్తా పెట్టిండా బావ?"

వినీత వెనక్కి తిరిగి బస్తాలను చూసేలోపే సుందర్ ఫోను పెట్టేశాడు. పక్కన ప్రేమ్‌కుమార్ "పదిహేడు" అన్నాడు, చప్పుళ్ళ లెక్క.

లింగంపేట దాటాక రోడ్డు చెడిన చోట చప్పుడు టక్కు నుంచి ధన్ మనేదాకా ఎదిగింది. కారు వెనక భాగం కుడికీ ఎడమకూ ఊగసాగింది. ఇప్పుడు ప్రేమ్‌కుమార్‌కు నిజంగానే భయం వేసింది. ఎల్లారెడ్డి పొలిమేరలో, అత్తగారిల్లు ఇంకో రెండు కిలోమీటర్లుందనగా, రోడ్డు పక్కన కార్లు బాగుచేసే హన్మండ్లు మిస్త్రీ షెడ్డు ముందు ఆపేశాడు. టైము తొమ్మిదీ నలభై.

హన్మండ్లుకు అరవై ఏళ్ళుంటాయి. వెనక చక్రాన్ని పట్టుకుని ఒకసారి ఊపి చూశాడు.

"ఆర్మ్ బుష్ చినిగిపోయింది సారూ. కొత్తది ఉన్నదా?"

"డిక్కీల ఉన్నది." ప్రేమ్‌కుమార్ గర్వంగా భార్యవైపు చూశాడు. ఆమె రోడ్డువైపు చూస్తోంది.

"అయితే గంటల అయితది. ముందుగల ఆ బస్తాలు దింపుండ్రి."

రెండు బస్తాలనూ షెడ్డు ముందున్న బెంచీ మీద, రోడ్డుకు ఎదురుగా పెట్టారు. సరిగ్గా అప్పుడే, వినీత ఫోను చేసి రమ్మంటే, అక్కను బండి మీద తీసుకుపోదామని సుందర్ వచ్చాడు. బండి దిగకుండానే బస్తాలను చూశాడు.

"బావా, మా ఇంట్ల బియ్యం లెవ్వా?"

"ఉంటయి గదా. ఇవి బరువుకు తెచ్చినయి సుందర్. అత్తమ్మ లేకపాయె, అందుకని."

సుందర్ బండి తిప్పాడు. "ఆగరా, నేనొస్త!" అని వినీత వెంటపడింది గానీ కోపంలో ఉన్నవాడికి అక్క కేక వినపడలేదు. ఆమె రోడ్డు మీద కొత్త చీరతో నిలబడి, ఐదేళ్ళు ఎదురుచూసిన రోజు దుమ్ములో కలిసిపోతుంటే చూసింది. ఫోను చేస్తే ఎవరూ ఎత్తడం లేదు.

పావుగంట తర్వాత రెండు ఆటోలు వచ్చి, వినీత పుట్టింటివాళ్ళను దించి వెళ్ళిపోయాయి. ముందు మామగారు బాలనర్సయ్య దిగాడు, తర్వాత నాగవ్వ, తర్వాత మంగవ్వ. బియ్యానికి పసుపు కలుపుతున్న మంగవ్వ, గొడవ మొదలు ఎక్కడ తప్పిపోతుందోనని పళ్ళెం చేతిలో ఉండగానే ఆటో ఎక్కేసింది. వెనక సుందర్.

బాలనర్సయ్య గొంతు పెంచే మనిషి కాదు. బస్తాల ముందు నిలబడి నెమ్మదిగా అన్నాడు.

"అల్లుడా, మేం గొప్పోళ్ళం గాదు. గని బిడ్డ ఒడి నింపే గింజలకు ఇంకొకల ఇంటి మీద ఆధారపడే అంత లేనోళ్ళం గూడ గాదు."

ఆ మాటకు వినీత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడైనా ప్రేమ్‌కుమార్ తప్పయిందని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆయన పాఠం మొదలుపెట్టాడు.

"మామా, జర సమజ్ చేసుకోండ్రి. జాతరల చిన్న పిల్ల ఉంటది..."

జాతర అయిపోయింది, చెయ్యి అయిపోయింది, రబ్బరు బుష్ అయిపోయింది. చివరికి, "అంటే అత్తమ్మ అయినా బస్తాలయినా బండికి ఒక్కటే" అని ముగించాడు. మంగవ్వ "శివ శివా" అని పళ్ళెం గుండెకు ఆనించుకుంది. పొద్దున ఏడింటి నుంచి నాగవ్వ అల్లుడితో మాట్లాడలేదు. అది చూసి బాలనర్సయ్యకు అసలు భయం పట్టుకుంది.

ఇంతలో హన్మండ్లు కారు కింది గుంతలోంచి పాత ఆర్మ్ పట్టుకుని పైకి వచ్చాడు.

"ఇది ఏ తలకాయ లేనోడు బిగించిండు?"

ప్రేమ్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. "ఏం, ఏమైంది?"

"చక్రాలు గాల్లో యేలాడంగ బిగించిండు. గట్ల బిగిస్తరా ఎవలన్న? బండి నేల మీద నిలవడ్డంక, రోజూ ఉండే బరువు మీద ఉన్నప్పుడు బిగించాలె. గాల్లో బిగిస్తే, కిందికి దించంగనే రబ్బరు మెలివడతది. ఇగ ఎప్పుడూ మెలివడే ఉంటది. మీద మనిషి కూసుంటే ఇంకింత మెలివడి చినుగుతది. కూసున్నోళ్ళ తప్పేమున్నది అండ్ల? ఎవడు బిగించిండో చెప్పుండ్రి, ఆ షెడ్డుకు ఎన్నడూ పోవద్దు."

వినీత ముక్కు తుడుచుకుంది.

"నా కొత్త తువ్వాలకు చేతులు తుడుసుకున్న ఆయననే బిగించిండు."

అందరూ ప్రేమ్‌కుమార్‌ను చూశారు. ఆయన కొంచెం సేపు కారును చూశాడు, కొంచెం సేపు ఆకాశాన్ని చూశాడు. నాగవ్వ మిస్త్రీ దగ్గరికి పోయింది.

"అంటే నా బరువు వల్ల గాదన్నట్టా?"

"నీ అసొంటోళ్ళు ముగ్గురు కూసున్నా ఆ బండికేం గాదు పెద్దమ్మా."

"విన్నవా అల్లుడా?"

విన్నానని ప్రేమ్‌కుమార్ తలూపాడు. కొత్త ఆర్మ్ ఎక్కించేసరికి పదీ ముప్పై ఐదు అయింది. కారు నేల మీదికి దిగింది. హన్మండ్లు మళ్ళీ గుంతలోకి దిగుతూ, "ఇగ వెనక సీట్ల బరువు పెట్టుండ్రి, ఆఖరు బిగింపు" అన్నాడు. ప్రేమ్‌కుమార్ బస్తాల వైపు అడుగు వేశాడు.

"అవి ముట్టొద్దు" అన్నాడు బాలనర్సయ్య.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ప్రేమ్‌కుమార్ అత్తగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అత్తమ్మా... తప్పయింది. జర వెనక సీట్ల కూసుంటరా?"

"మాట్లాడకుండనా?"

"మీ ఇష్టమున్నంత మాట్లాడుండ్రి."

నాగవ్వ కారెక్కింది. ఎక్కుతూనే, పొద్దుటి నుంచి ఆగిన మాటలన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టింది. బస్సులో పక్కన కూర్చున్నది ఎవరో, ఆమె కోడలు ఎట్లాంటిదో. ఇంతలో వినీత వచ్చి రెండో తలుపు తీసి తానూ కూర్చుంది. ఆమె ఓపిక అయిపోయింది.

"పదకొండుకు ఇరవై నిమిషాలున్నయి. ఈ నట్టు ఎప్పుడు బిగుసుకోవాలె, ఇంటికి ఎప్పుడు పోవాలె? ఐదేండ్ల సంది చూస్తున్న నేను. అవ్వ ఈడనే ఉన్నది, బాపు ఉన్నడు, తమ్ముడున్నడు, మంగత్త చేతుల పళ్ళెమున్నది. పీట గావాల్నా? ఇదే పీట. పొయ్యుండ్రి, ఈడనే పొయ్యుండ్రి!"

షెడ్డులో ఒడిబియ్యమా అని మంగవ్వ నోరు తెరిచింది. బాలనర్సయ్య కూతురి ముఖం చూశాడు. తర్వాత ఎండ ఎటు నుంచి వస్తోందో చూశాడు.

"కారు మొగం తూర్పు దిక్కే ఉన్నది" అన్నాడు.

సుందర్ బండి మీద ఇంటికి పోయి పట్టుచీర, రవికె గుడ్డ, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు తెచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన కూర్చోవాలి కాబట్టి, ప్రేమ్‌కుమార్‌ను తల్లీకూతుళ్ళ మధ్యలో కుక్కారు. వినీత ఒడి పట్టింది. తల్లే ముందు పొయ్యాలి. నాగవ్వ అల్లుడి మీదుగా వంగి దోసిలి పోసింది. సగం కూతురి ఒడిలో, పావు అల్లుడి జేబులో, మిగిలింది ఆయన మెడలోంచి అంగీలోకి పోయింది. కదలడానికి చోటులేక ఆయన అట్లాగే కూర్చున్నాడు. కిటికీలోంచి మంగవ్వ పోసింది, బాలనర్సయ్య పోశాడు, సుందర్ పోశాడు. కింద నుంచి హన్మండ్లు గొంతు వినపడుతోంది.

"ఇంకింత... ఇంకో దోసెడు... ఆఁ, సరిపోయింది! ఎవలూ కదలొద్దు!"

ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. దోసెడు బియ్యంతో సుందర్ చేతులు గాలిలో, నూరేళ్ళు చల్లగుండమని సగం అన్న దీవెన మంగవ్వ నోట్లో. కింద పానా రెండుసార్లు కిర్రుమంది. "అయిపాయె" అన్నాడు హన్మండ్లు. మంగవ్వ దీవెన పూర్తిచేసింది. పదకొండుకు నాలుగు నిమిషాలుంది. వినీత ఒడిలోని బియ్యం మీద కన్నీళ్ళు పడుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. నవ్వుతోంది కూడా.

హన్మండ్లు చేతులు తుడుచుకుంటూ చివరి మాట చెప్పాడు. "గీ బరువుకు సరిగ్గ బిగించిన సారూ. వెనక గింత బరువుంటే బండి కుదురుగ నడుస్తది."

మిస్త్రీలు అట్లా ఏదో అంటుంటారు. ప్రేమ్‌కుమార్ దాన్ని పట్టించుకోలేదు. నాగవ్వ పట్టించుకుంది.

సాయంత్రం తిరుగు ప్రయాణానికి కారు సిద్ధమైంది. బాలనర్సయ్య అల్లుడి రెండు బస్తాలకూ మర్యాదగా బొట్టుపెట్టి, తన ఇంటి బస్తా ఒకటి కలిపి డిక్కీలో పెట్టించాడు. వెనక సీట్లో నాగవ్వ సంచీతో సహా అప్పటికే కూర్చుని ఉంది.

"అత్తమ్మా, మీరు మళ్ళ...?"

"మిస్త్రీ చెప్పిండు గద బిడ్డా, బండికి నా బరువు గావాలెనని. కండ్ల డాక్టరు గూడ రమ్మన్నడు."

సోమవారం ప్రేమ్‌కుమార్ ఒక్కడే ఆఫీసుకు పోతుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక నుంచి సన్నగా కిర్రుమని వినపడింది. మనసు ఆగక, రాత్రి అన్నం తింటూ ఆ సంగతి నోరు జారాడు. వినీత పళ్ళెంలోంచి తలెత్తి అవ్వవైపు చూసింది.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి ఆయన కారు దగ్గరికి పోయేసరికి, తల దువ్వుకుని, టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని నాగవ్వ వెనక సీట్లో సిద్ధంగా ఉంది.

ఆఫీసు చేరేదాకా కారు చప్పుడు చేసిందో లేదో ప్రేమ్‌కుమార్‌కు ఈనాటికీ తెలియదు.